ఒళ్ళు పలికితే ఒప్పుకున్నట్టా?

(కనిగిరిలో మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నీళ్ళ గురించి, కూలి రేట్ల గురించి, వలసల గురించి మాట్లాడుకోవాల్సిన కనిగిరిలో వీడియో గేముల గురించి మాట్లాడడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన మనుషులు చుట్టుపక్కల ఊళ్ళల్లో ఉండగా, ఇదేదో కడుపు నిండినవాళ్ళ బాధలా కనిపించడం సహజమే. పిల్లలు ఫోన్లలో ఆటలకి అలవాటు పడుతున్నారు, దాని మీద చెప్పండి అని నిర్వాహకులు అడిగారు. ఆ అలవాటు గురించి చాలామంది చెబుతున్నారు. నేను అంతగా చర్చకి రాని ఇంకో సంగతి తీసుకుంటాను. ఆడేవాళ్ళ గుండె చప్పుడునీ, చెమటనీ, రెప్పపాటునీ చదివి, దాన్నిబట్టి తన తీరు మార్చుకునే ఆటలు వచ్చాయి. మన వేలు ఏం నొక్కిందో చూడడంతో అవి ఆగవు. మన ప్రమేయం లేకుండా మన ఒళ్ళు ఏం చేసిందో చూస్తాయి. ఆడదాని మాట కంటే ఆడదాని ఒంటిని నమ్మే లోకంలో బతుకుతున్నాం కాబట్టి, ఈ సంగతి మనది.

ముందుగా, ఒళ్ళు తనంతట తాను చేసే పని అంటే ఏమిటో చూద్దాం. దీనికి పుస్తకాలు అక్కర్లేదు. మిరపకాయల ముచ్చికలు తీసేచోట, తాలు కాయలు ఏరేచోట కూర్చున్న ఆడవాళ్ళని చూడండి. ఘాటుకి తుమ్ములు వస్తాయి, కళ్ళవెంట నీళ్ళు కారతాయి, చేతులు మండుతాయి. తుమ్మకూడదని ఎవరెంత అనుకున్నా తుమ్ము ఆగదు. గుండె కొట్టుకోవడం, అరచేతుల్లో చెమట పట్టడం, కంటిపాప పెద్దది కావడం, భయానికి నోరు ఎండిపోవడం, అన్నీ ఇలాంటివే. వీటిని నడిపే నరాల వ్యవస్థ మన అనుమతి తీసుకోదు. ఎండలో పత్తి తీసినా గుండె వేగంగా కొట్టుకుంటుంది, మేస్త్రీ అరిచినా కొట్టుకుంటుంది, ఇష్టమైన మనిషి ఎదురుపడినా కొట్టుకుంటుంది. ఎందుకు కొట్టుకున్నదో గుండె చెప్పదు. అది చెప్పగలిగింది మనిషి నోరే. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే తక్కినదంతా సులభంగా అర్థమవుతుంది.

ఇక ఆటల దగ్గరికి వద్దాం. 1998లో జపాన్‌లో నింటెండో యంత్రం మీద ఆడే ఒక టెట్రిస్ ఆటతోపాటు చెవికి తగిలించుకునే క్లిప్పు ఒకటి అమ్మారు. అది నాడి చూస్తుంది, ఆట వేగం దాన్నిబట్టి మారుతుంది. అంతకు ముందు ఏడాదే కొనామీ కంపెనీ ఒక ప్రేమ ఆట తెచ్చింది. వేలికి పెట్టిన పరికరం నాడినీ చెమటనీ కొలుస్తుంటే, తెరమీది అమ్మాయి దాన్నిబట్టి స్పందిస్తుంది. 2011లో వాల్వ్ కంపెనీ మనస్తత్వ శాస్త్రవేత్త మైక్ ఆంబిండర్ తమ ప్రయోగాల గురించి బహిరంగంగా వివరించాడు. వాటిలో ఒకటి ఏమిటంటే, ఆడేవాడు నింపాదిగా ఉంటే గడియారం మామూలుగా నడుస్తుంది, కంగారు పడితే గడియారం వేగం పెరుగుతుంది. అంటే కంగారు పడినవాళ్ళనే ఇంకా కంగారు పెట్టడం. 2015లో వచ్చిన నెవర్‌మైండ్ అన్న ఆటలో భయపడే కొద్దీ లోకం ఇంకా భయంకరంగా మారుతుంది, మనసు కుదుటపడితే తేలికవుతుంది. 2021లో బిఫోర్ యువర్ ఐస్ అన్న ఆట వచ్చింది. చనిపోయిన ఒక మనిషి జ్ఞాపకాలు తెరమీద కదులుతుంటాయి. కెమెరా మన కళ్ళని చూస్తూ ఉంటుంది. మనం రెప్ప వేస్తే చాలు, ఆ జ్ఞాపకం దాటిపోయి కాలం ముందుకు జరుగుతుంది. ఎంత సేపని రెప్ప వేయకుండా ఉంటాం? ఆ నిస్సహాయతే ఆ కథ. అది మంచి ఆటేనని, మనసుని కదిలించిందని ఆడినవాళ్ళు ఎందరో అన్నారు.

ఈ విద్య అంతా చెడ్డదని నేను అనడం లేదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో పైలట్ల ఏకాగ్రతని కొలిచే పనిలో ఉన్న ఆలన్ పోప్ బృందం, 1990లలో అదే పద్ధతిని ఏకాగ్రత కుదరని పిల్లల కోసం వీడియో గేముల్లోకి తెచ్చింది. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో పట్టలేని కోపంతో బాధపడే పిల్లలకి ఒక ఆట తయారు చేశారు. కోపం వచ్చి గుండె వేగం హద్దు దాటితే ఆటలో తుపాకి పేలదు. ఊపిరి నిదానంగా పీల్చి కుదుటపడితే మళ్ళీ పేలుతుంది. పిల్లవాడు తన ఒంటిని తానే తెలుసుకోవడం నేర్చుకుంటాడు. మంచంలో కదలలేని మనిషికి కంటిచూపుతో కంప్యూటర్ నడపగలగడం ఎంత స్వేచ్ఛో చెప్పక్కర్లేదు. కాబట్టి తేడా పరికరంలో లేదు. నా ఒంటి సంగతి నాకు తెలియజేసి, దాన్ని నా చేతికే ఇచ్చే పద్ధతి ఒకటి. నా ఒంటి సంగతి నాకు చెప్పకుండా తెలుసుకుని, దాన్ని నా మీదే ప్రయోగించే పద్ధతి ఇంకొకటి. మొదటిది నాకు శక్తినిస్తుంది, రెండోది నా మీద ఎదుటివాడి శక్తిని పెంచుతుంది. హక్కుల దృష్టితో చూసేవాళ్ళు ఏ కొత్త యంత్రాన్నయినా ఈ ప్రశ్నతోనే చూడాలి.

ఒంటిని చదవడం అనేది యంత్రాలతో మొదలైంది కాదు. మన ధర్మశాస్త్రాల్లో దివ్యాలు అనే పరీక్షలున్నాయి. వాటిలో బియ్యం నమిలించే పరీక్ష ఒకటి. అనుమానితుడి చేత బియ్యం నమిలించి ఉమ్మిస్తారు. ఉమ్మిలో నెత్తురు కనబడితే, ఒళ్ళు వణికితే దొంగ కిందే లెక్క. ఇంట్లో బంగారం పోతే మంత్రించిన బియ్యం నమిలించే ఆచారం మన పల్లెల్లోనూ ఉండేది. ఎవరి చేత నమిలించేవాళ్ళు? ఇంటి యజమాని చేత నమిలించిన దాఖలా మీరెవరైనా విన్నారా? అంట్లు తోమే మనిషి, పాలేరు, లేకపోతే కొత్త కోడలు. తప్పు చేసినవాడి నోరు ఎండుతుంది, నిజమే. తప్పు చేయకపోయినా, తన మాట ఎవరూ నమ్మరని తెలిసిన పేదరాలి నోరు ఇంకా త్వరగా ఎండుతుంది. భయాన్ని నేరంగా చదివేవాళ్ళ ముందు, భయపడే పరిస్థితిలో ఉన్నవాళ్ళు ఎప్పుడూ దోషులే. సీత అగ్నిపరీక్ష దగ్గర్నించి సలసల కాగే నూనెలో చేయి పెట్టించడం దాకా ఇదంతా ఒకే సంప్రదాయం. నోటి మాటకి విలువ లేనివాళ్ళ దగ్గర ఒంటి సాక్ష్యం అడుగుతారు.

మన సాహిత్యంలో ఒకచోట మాత్రం ఈ చదువు తిరగబడింది. భారతంలో దమయంతీ స్వయంవరంలో దేవతలు నలుగురూ నలుడి రూపంలోనే వచ్చి కూర్చుంటారు. దేవతలకి చెమట పట్టదు, రెప్పపాటు ఉండదు. చెమట పట్టినవాణ్ణి, రెప్ప వేసినవాణ్ణి గుర్తుపట్టి దమయంతి తను కోరుకున్న నలుణ్ణి వరించింది. అక్కడ చదివింది ఆమె, నిర్ణయం కూడా ఆమెదే. మిగతా చోట్లంతా మనం చదవబడేవాళ్ళమే.

ఆధునిక కాలంలో ఈ చదువుకి పెట్టిన పేరు లై డిటెక్టర్. 1921లో అమెరికాలో బర్క్‌లీ పోలీసుశాఖలో జాన్ లార్సన్ అనే అతను రక్తపోటునీ ఊపిరినీ కొలిచే యంత్రం తయారు చేశాడు. దాన్ని మొట్టమొదట ప్రయోగించిన కేసుల్లో ఒకటి యూనివర్సిటీ అమ్మాయిల హాస్టల్లో దొంగతనాలు. అమ్మాయిలని వరసగా కూర్చోబెట్టి పరీక్షించారు. అదే విద్యలో పేరు పొందిన విలియం మార్‌స్టన్ 1928లో న్యూయార్క్‌లో ఒక సినిమా హాల్లో కొందరు నాట్యగత్తెలకి రక్తపోటు పరికరాలు కట్టి, వాళ్ళు సినిమా చూస్తుంటే, బంగారు రంగు జుట్టు వాళ్ళకి ఎక్కువ ఉద్రేకం కలుగుతుందా, నల్లజుట్టు వాళ్ళకా అని పత్రికలవాళ్ళ ముందు ప్రదర్శన పెట్టాడు. తర్వాత హాలీవుడ్ కంపెనీ ఒకటి అతన్ని పనిలో పెట్టుకుంది. తలపైన ముద్ర వేసినట్టు ప్రేక్షకుల ఒంటి స్పందననిబట్టి వినోదాన్ని తయారు చేయాలనే ఆలోచన అప్పటిదే. ఈయనే 1941లో వండర్ వుమన్ అనే బొమ్మల కథానాయికని సృష్టించాడు. ఆమె తాడు వేసి కడితే ఎవరైనా నిజమే చెబుతారు! నేటి ఆటల వంశవృక్షంలో ఆ సినిమా హాలు ఉంది, ఆ హాస్టలూ ఉంది.

మన దేశంలో ఇది ఎంత దూరం వెళ్ళిందో చూడండి. 2008 జూన్‌లో పుణె సెషన్స్ కోర్టు ఒక హత్య కేసులో ఒక యువతికి యావజ్జీవ శిక్ష వేసింది. తీర్పులో ఆధారపడిన వాటిలో మెదడు పరీక్ష ఒకటి. తలకి తీగలు తగిలించి, నేరం గురించిన వాక్యాలు చదివి వినిపిస్తుంటే ఆమె మెదడులో వచ్చిన మార్పులనిబట్టి, ఆ పని చేసిన అనుభవం ఆమెకి ఉన్నదన్నారు. ఆమె నోరు విప్పి చెప్పింది ఏమీ లేదు. తర్వాత బొంబాయి హైకోర్టు ఆమెకి బెయిలిచ్చింది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతులని ఆపింది. నార్కో పరీక్ష, లై డిటెక్టర్, మెదడు పరీక్ష, వీటిని మనిషి ఇష్టం లేకుండా చేయడం రాజ్యాంగం 20(3), 21 అధికరణాలకి విరుద్ధమన్నది. తనకి వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరినీ బలవంతపెట్టకూడదన్న హక్కు నోటి మాటకే కాదు, మనసులోపలి సంగతులకీ వర్తిస్తుందన్నది. మనిషి తన ఇష్టంతో మాట్లాడాలా, మౌనంగా ఉండాలా అన్నది ఆ మనిషి నిర్ణయం. 2025 జూన్‌లో బీహార్ నుంచి వచ్చిన కేసులో కూడా సుప్రీంకోర్టు ఇదే మాట మళ్ళీ చెప్పింది.

హంతకుడని అనుమానం ఉన్న మనిషికే ఈ రక్షణ ఉన్నది. ఆట ఆడుకునే పదేళ్ళ పిల్లకి లేదు. ఆలోచించాల్సిన సంగతి కాదా?

ఒళ్ళు పలికింది కాబట్టి ఒప్పుకున్నట్టే అన్న వాదనతో మన ఉద్యమానికి పాత పోరాటమే ఉంది. మథుర కేసు తెలియని కార్యకర్త ఉండదు. పోలీసు స్టేషన్లో అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి, ఆమె ప్రతిఘటించలేదు కాబట్టి, అది అత్యాచారం కాదని 1978లో సుప్రీంకోర్టు అన్నది. లోతికా సర్కార్, ఉపేంద్ర బక్షీ, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ 1979లో రాసిన బహిరంగ లేఖ దేశమంతా స్త్రీలని కదిలించింది. లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని వాళ్ళు చెప్పారు. 1983లో చట్టం మారింది. అయినా రెండు వేళ్ళ పరీక్ష ఆగలేదు. 2013లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టింది. 2022 అక్టోబరు 31న, ఆ పరీక్ష చేసేవాళ్ళు దుష్ప్రవర్తనకి పాల్పడినట్టేనని మళ్ళీ చెప్పాల్సివచ్చింది. భయంతో ఒళ్ళు బిగుసుకుపోవడం, కదలలేకపోవడం, అరవలేకపోవడం, అన్నీ మన ఇష్టంతో పని లేకుండా జరిగేవే. వాటిని ఒప్పుకోలుగా చదివే చదువుని కోర్టుల్లోంచి వెళ్ళగొట్టడానికి మనకి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు అదే చదువు ఆట వేషంలో, యాప్ వేషంలో పిల్లల చేతుల్లోకి వస్తోంది. ఈ ఆటల లెక్కలో గుండె వేగం పెరిగితే నీకు నచ్చినట్టు, చూపు నిలిస్తే నువ్వు కోరుకున్నట్టు. నువ్వు ఏమన్నావో అక్కర్లేదు. ఇలాంటి లోకంలో పెరిగిన మగపిల్లవాడు ఆడపిల్ల వద్దంటే వింటాడా? నోరు వద్దన్నా ఒళ్ళు ఔనంటుందన్న సినిమా భావజాలానికి యంత్రం వేసిన రాజముద్ర ఇది.

పోనీ, యంత్రాలు సరిగ్గానైనా చదువుతాయా? నింటెండో 2009లో వేలికి పెట్టుకునే నాడి పరికరం ఒకటి ప్రకటించి, చివరికి అమ్మకుండానే ఆపేసింది. నూరుమందిలో తొంభైమందికే సరిగ్గా పనిచేసిందని, అది చాలదని ఆ సంస్థ అధ్యక్షుడు ఇవాటా 2013లో చెప్పాడు. ఆట కోసమే అది చాలదనుకున్నారు. మన దగ్గర అంతకంటే తక్కువ నమ్మకమైన వాటితో మనుషుల మీద తీర్పులు చెప్పడానికి సిద్ధపడుతున్నారు. 2018లో ముఖాన్ని చదివే మూడు పెద్ద కంపెనీల పద్ధతులని జాయ్ బూలమ్విని, టిమ్నిట్ గెబ్రు అనే ఇద్దరు స్త్రీలు పరీక్షించారు. ఆడా మగా చెప్పడంలో తెల్లని మగవాళ్ళ విషయంలో తప్పులు నూటికి ఒకటి కంటే తక్కువ. నల్లని ఆడవాళ్ళ విషయంలో 34.7 శాతం దాకా ఉన్నాయి. ఆసుపత్రుల్లో వేలికి పెట్టే ఆక్సిజన్ పరికరం కూడా నల్లవాళ్ళలో ప్రాణవాయువు తగ్గిన సంగతిని తెల్లవాళ్ళలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపెట్టలేకపోయిందని 2020లో అమెరికాలో తేలింది. ముఖకవళికలనిబట్టి భావాన్ని నమ్మకంగా చెప్పలేమని వెయ్యికి పైగా అధ్యయనాలని పరిశీలించిన లీసా ఫెల్డ్‌మన్ బారెట్ బృందం 2019లో తేల్చింది. ఇప్పుడు మన ఊళ్ళకి అన్వయించుకోండి. మిరప ఘాటుకి కారిన కన్నీరూ, కొడుకు పోయిన తల్లి కన్నీరూ కెమెరాకి ఒకటే. ఫ్లోరోసిస్‌తో మెడ తిప్పలేని మనిషి చూపు, నిర్లక్ష్యంగా ఉన్న మనిషి చూపు దానికి ఒకటే. రక్తహీనతతో గుండెదడ ఉన్న బాలింత దానికి కంగారుపడిన మనిషి. ఆ తయారీదార్లు కొలతలు తీసుకున్న ఒళ్ళల్లో మన ఒళ్ళు లేవు.

ఆట నుంచి ఈ చదువు ఎక్కడెక్కడికి పోతోందో కూడా చూడాలి. చైనాలో జిన్‌హువా దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లల తలకి పట్టీలు కట్టి, ఎవరు శ్రద్ధగా వింటున్నారో మెదడు తరంగాలనిబట్టి టీచరుకి చూపించారు. 2019లో జనం గగ్గోలు పెడితే ఆపారు. మన దేశంలో చండీగఢ్ లాంటి చోట్ల పారిశుద్ధ్య కార్మికుల చేతులకి జాడ తెలిపే వాచీలు కట్టారు. వాళ్ళలో చాలామంది దళితులు, స్త్రీలూ ఉన్నారు. ఆ వాచీతో మూత్రవిసర్జనకి వెళ్ళాలన్నా సిగ్గుగా, భయంగా ఉంటోందని వాళ్ళు రోడ్డెక్కారు. 2021 జనవరిలో లక్నో పోలీసులు, రోడ్డు మీద ఆడవాళ్ళ ముఖాల్లో బాధ కనిపిస్తే కెమెరాయే పసిగట్టి పోలీసులకి కబురు పంపే ఏర్పాటు చేస్తామని ప్రకటించారు. ముఖం మాడ్చుకుని నడిచే హక్కు కూడా ఆడదానికి లేదన్నమాట. స్టేషన్‌కి వెళ్ళి నోటితో చెబితే ఫిర్యాదు రాసుకోని వ్యవస్థ, చెప్పకుండానే ముఖం చదువుతానంటోంది!

మన అంగన్‌వాడీల సంగతి మీకే బాగా తెలుసు. 2025 జూలై నుంచి పోషణ్ ట్రాకర్‌లో ఇంటికిచ్చే సరుకులకి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. ఆధార్ ముఖ గుర్తింపులో, బతికున్న మనిషేనని నిరూపించడానికి కెమెరా ముందు రెప్ప వేయమంటారు. అమెరికాలో రెప్ప వేస్తే జ్ఞాపకం దాటిపోయే ఆట ఆడుకుంటున్నారు. ఇక్కడ పింఛను కోసం, సరుకుల కోసం మన అవ్వలూ గర్భిణులూ రెప్ప వేయాల్సివస్తోంది. ఇది ఆట కాదు, ఆడకపోతే పోయేది తిండి. అక్కడ కెమెరా గుర్తింపుతో ఆగుతోంది. కెమెరాకి ఒకసారి అలవాటు పడ్డాక, గుర్తింపు దగ్గర్నించి భావం చదవడానికి పోవడం యంత్రం మార్చకుండా చేయగల పని. అందుకే ఇప్పుడే మాట్లాడుకోవాలి.

డబ్బు సంగతి. ఆన్‌లైన్ పేకాటలో అప్పులపాలై ఉరి పోసుకున్నవాళ్ళ వార్తలు మన జిల్లాల నుంచీ వచ్చాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. డబ్బు పందెం లేని ఆటలకి ఆ నిషేధం లేదు. వాటిలోనూ లోపల కొనుక్కునేవి ఉంటాయి, ప్రకటనలు ఉంటాయి. మనిషి ఎప్పుడు ఆగలేడో తెలిసినవాడి దగ్గర అమ్మకానికి ఏముందన్నది ముఖ్యం కాదు, ఎప్పుడు అమ్మాలో వాడికి తెలుసు. 1992లో మన పొరుగునే నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపం కేంద్రాలకి వచ్చిన ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా పోయింది. తాగుబోతుకి బుద్ధి లేదని తిట్టి ఊరుకుని ఉంటే ఆ ఉద్యమం వచ్చేది కాదు. బలహీనతని పెంచి అమ్ముకునేవాణ్ణీ, దాని మీద ఆదాయం తీసుకునే ప్రభుత్వాన్నీ నిలదీశారు. ఇవాళ పిల్లవాడికి బుద్ధి లేదని, తల్లి పెంపకం బాగాలేదని అనడం సులభం. ఏ ఇంట్లో పిల్లవాడు ఫోను వదలకపోయినా నింద పడేది తల్లి మీదే. వాడి రెప్పపాటునీ గుండె చప్పుడునీ లెక్కవేసే కంపెనీతో కూలికి పోయే తల్లి ఒక్కతే ఎలా పోటీపడుతుంది?

చట్టం ఏమంటోంది? 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కన్నారు. ఒంటి మీదా మనసు మీదా మనిషికి ఉండే అధికారం దానిలో భాగం. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి ఏడాదిన్నర గడువిచ్చారు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల ప్రవర్తనని కనిపెట్టి చూడకూడదని, వాళ్ళని గురిపెట్టి ప్రకటనలు ఇవ్వకూడదని ఆ చట్టంలో ఉంది. ఇది మనం పట్టుకోవాల్సిన ఆయుధం. ఆ చట్టంలో లోపాలూ ఉన్నాయి. 2011 నియమాల్లో ఒంటికీ మనసుకీ సంబంధించిన సమాచారాన్ని సున్నితమైనదిగా వేరు చేశారు. 2023 చట్టంలో అలాంటి విభజన లేదు. గుండె చప్పుడూ, ఫోను నంబరూ దానికి ఒకటే. ప్రభుత్వ సంస్థలకి మినహాయింపులు ధారాళంగా ఉన్నాయి. పిల్లల తరఫున తల్లిదండ్రుల అంగీకారం చాలన్నారు. ఇది రెండువైపులా పదునున్న కత్తి. పదిహేడేళ్ళ ఆడపిల్ల చేతికి వాచీ కట్టి, ఎవరితో మాట్లాడినప్పుడు నీ గుండె వేగం పెరిగిందని నిలదీసే తండ్రీ అన్నా మన ఊళ్ళల్లో లేరా? కులం దాటి ప్రేమించినందుకు కన్న కూతుళ్ళని చంపుకున్న సమాజం మనది. బియ్యం నమిలించిన చేతులకే వాచీ చిక్కితే ఏమవుతుంది?

బయటి దేశాల్లో కొంత ముందుకు వెళ్ళారు. ఐరోపా సమాఖ్యలో పనిచేసేచోటా, బడిలోనూ మనుషుల భావాలని యంత్రాలతో చదవడాన్ని 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించారు, వైద్యం, భద్రత కారణాలకి తప్ప. ఆటలకి ఆ నిషేధం పెట్టలేదు. చిలీ దేశం 2021లో రాజ్యాంగాన్ని సవరించి మెదడు సమాచారానికి రక్షణ ఇచ్చింది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు, గీడో గిరార్డి అనే మాజీ సెనేటర్ వేసిన కేసులో, తలకి పెట్టుకునే పరికరం అమ్మే ఇమోటివ్ కంపెనీని అతని మెదడు సమాచారం చెరిపేయమని ఆదేశించింది. ఒక్క మనిషి అడిగితే ఇంత జరిగింది. సంఘంగా అడిగితే ఎంత జరగాలి?

మనం చేయగలిగినవి కొన్ని చెప్పి ముగిస్తాను.

ఒకటి. సంఘాల సమావేశాల్లో ఫోను సంగతిని తల్లుల పెంపకం సమస్యగా కాక, హక్కుల సమస్యగా చర్చించాలి. ఆటకి కెమెరా ఎందుకు, మైకు ఎందుకు అని అడగడం పిల్లలకే నేర్పాలి. ఫోనులో సెట్టింగుల్లోకి వెళ్ళి ఏ యాప్‌కి కెమెరా అనుమతి ఉందో చూసి, అక్కర్లేనిది తీసేయడం పది నిమిషాల పని. అక్షరాలు దిద్దించినట్టే ఇదీ దిద్దించాలి.

రెండు. బడుల్లో, హాస్టళ్ళల్లో పిల్లల శ్రద్ధనో భావాన్నో చదివే పరికరం ఏదైనా వస్తే, విద్యా కమిటీల్లో ఉన్న తల్లులు రాతపూర్వకంగా ప్రశ్నించాలి. ఏం కొలుస్తున్నారు, ఎక్కడ దాస్తున్నారు, ఎప్పుడు చెరిపేస్తారు? ప్రభుత్వ కార్యక్రమమైతే సమాచార హక్కు కింద అడగవచ్చు.

మూడు. కూలీల, స్కీము వర్కర్ల సంఘాల డిమాండ్లలో ఒక వాక్యం చేర్చాలి: పనిచేసేవాళ్ళ ఒంటి స్పందనలని కొలిచే ఏ పరికరమైనా యూనియన్ అంగీకారం లేకుండా పెట్టకూడదు, ముఖం పట్టలేదన్న కారణంతో కూలీ, రేషనూ ఆపకూడదు.

నాలుగు. సమాచార రక్షణ చట్టంలో ఒంటి స్పందనలని ప్రత్యేకంగా రక్షించే సవరణ కోరాలి. ఆట ఆడాలంటే గుండె చప్పుడు ఇవ్వాల్సిందే అనే షరతు చెల్లకూడదు. ఇవ్వనన్నా ఆట ఆడగలగాలి. వద్దనగలిగినప్పుడే ఔను అన్నదానికి అర్థం.

ఐదు. మగపిల్లలతో మాట్లాడాలి. ఎదుటి మనిషి ఒళ్ళు చదవడం గొప్ప కాదు, ఎదుటి మనిషి మాట వినడం గొప్ప అని చెప్పాలి. దీనికి చట్టమూ యంత్రమూ అక్కర్లేదు.

మన ఒళ్ళు వణకవచ్చు, చెమట పట్టవచ్చు, కళ్ళు చెమర్చవచ్చు. దాని అర్థం ఏమిటో చెప్పే అధికారం మనది. చెప్పకుండా ఉండే అధికారం కూడా మనదే. మీ ప్రశ్నలు వినడానికి సిద్ధంగా ఉన్నాను.